డౌన్‌టౌన్ డెట్రాయిట్‌లో కోనీ: లఫాయెట్టా, అమెరికనా? అమ్మానాన్నలతో వెళ్తున్నాం, సలహా కావాలి

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. మేం డెట్రాయిట్ శివార్లలోని నోవైకి వచ్చి రెండేళ్లయింది. ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోరు, గుడి, వీటి మధ్యే తిరుగుతున్నాం, డౌన్‌టౌన్ వైపు ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఇప్పుడు రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. మాల్‌కి తీసుకెళ్తే పావుగంటకే బెంచీ వెతుక్కుంటారు, "ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే కదరా, అసలు ఊరేదీ?" అంటారు. అందుకని వచ్చే శనివారం డౌన్‌టౌన్ చూపిద్దామని.

మా టీమ్‌లో ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దాయన ఒకరున్నారు. డౌన్‌టౌన్ వెళ్లి కోనీ తినకుండా వస్తే వెళ్లనట్టే లెక్క అన్నారు. కోనీ అంటే ఒక రకం హాట్‌డాగ్ అట, గోడకి గోడ ఆనుకుని రెండు షాపులున్నాయట, లఫాయెట్, అమెరికన్ అని. ఏది బాగుంటుందని అడిగితే ఈ ఊళ్లో ఒకే ఇంట్లో కూడా ఒక మాట మీద ఉండరట.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఏది? నలుగురికి ఎంతవుతుంది? అమ్మ పూర్తి శాకాహారి, నాన్న చికెన్, మటన్ వరకే, నేనూ మా ఆవిడా అన్నీ తింటాం. పెద్దవాళ్లతో వెళ్తే ఇబ్బంది ఉండదు కదా? డెట్రాయిట్ అనగానే బంధువులు ఫోన్ చేసి మరీ భయపెడుతున్నారు, అమ్మకి అప్పుడే టెన్షన్ మొదలైంది.

ఉల్లిపాయ:
లఫాయెట్. రెండో మాట లేదు.

తలుపు తీయగానే ఒక పక్క పొడుగాటి కౌంటరు, ముందు స్టూళ్లు, ఇంకో పక్క చిన్న చిన్న బల్లలు. ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చోవడమే, పక్కన ఎవరున్నారని చూసుకోనక్కర్లేదు. మీరు జాకెట్ విప్పేలోపే మనిషి వచ్చి నిలబడతాడు. మెనూ కోసం చూడకండి, "వన్ విత్ ఎవ్రీథింగ్" అంటే చాలు. ఆవిరి పట్టిన మెత్తటి బన్ను, అందులో సాసేజ్, దాని మీద చిలీ అనే కీమా సాస్, చిలీ మీద పసుపుపచ్చ మస్టర్డ్ గీత, ఆపైన గుప్పెడు పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఒకే ప్లేటులో రెండు కావాలంటే "టూ ఆన్ వన్" అంటారు. ఆర్డరు కాగితం మీద రాసుకోరు, గ్రిల్ దగ్గరికి ఒక్క కేక వేస్తారు, మూడు నిమిషాల్లో ప్లేట్లు మోచేతి దాకా పేర్చుకుని వచ్చేస్తారు. ఆ చెయ్యి వణకదు, ఒక్క ఉల్లిపాయ ముక్క కింద పడదు. మా పాప ఐదేళ్లప్పుడు తినడం మానేసి ఆ చెయ్యే చూస్తూ కూర్చుంది.

ఖర్చంటారా, కిందటిసారి మేమిద్దరం కడుపు నిండా తిని ఫ్రైస్ కూడా తీసుకుంటే 20 డాలర్లు దాటలేదు. నోట్లు మాత్రం జేబులో పెట్టుకు వెళ్లండి. నేనెరిగినంత కాలం అక్కడ కార్డు నడవలేదు.

రాత్రిషిఫ్ట్:
అమెరికన్. ఉల్లిపాయ గారు అభిమానంతో చెప్తున్నారు, కానీ అడిగిన ఆయనకి పెద్దవాళ్లున్నారు. లఫాయెట్ ఇరుకు. శనివారం మధ్యాహ్నం జనం మీ కుర్చీ వెనకాలే నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూస్తుంటారు. అమెరికన్ మూల మీద ఉంటుంది, రెండు వైపులా అద్దాలు, వెలుతురు, కాళ్లు చాపుకోవడానికి చోటు, ఎరుపు తెలుపు నీలం రంగులు. మెనూ కూడా పెద్దది. అమ్మగారికి గ్రీక్ సలాడ్ దొరుకుతుంది, అది ఒక్కటే చాలు నేను చెప్పేదానికి.

నేను ఆరేళ్లు డౌన్‌టౌన్‌లో నైట్ సపోర్ట్ చేశాను. తెల్లవారుజామున షిఫ్టు దిగి బయటికొస్తే చలి ముఖం మీద కొట్టేది, అంతా చీకటి, ఈ మూల మీద మాత్రం లైట్లు వెలుగుతుండేవి. లోపల నర్సులు, బస్సు డ్రైవర్లు, పార్టీ అయిపోయి వచ్చిన కుర్రాళ్లు, యూనిఫాంలో పోలీసులు. అప్పుడు తిన్న కోనీ ముందు ఏదీ పనికిరాదు. ఇండియా నుంచి వచ్చిన మొదటి చలికాలం, ఒంటరిగా ఉన్న రోజుల్లో, నాతో రోజూ "హౌ ఆర్ యూ మై ఫ్రెండ్" అని పలికిన మనిషి ఎవరంటే ఆ కౌంటర్ వెనకాల ఉన్నాయనే. అందుకే నాది అమెరికన్. రుచి కొలిచి చెప్తున్న మాట కాదు, ఒప్పుకుంటాను.

పాతకాపు:
ఈ రెండూ అన్నదమ్ముల షాపులే. కథ తెలిసి తింటే ఇంకా బాగుంటుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

గ్రీసు నుంచి కాన్‌స్టంటైన్ కేరోస్ అని, గస్ట్ అనేవారు, బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చాడు. మొదట టోపీలు శుభ్రం చేయడం, బూట్లు పాలిష్ చేయడం లాంటి పనులతో నిలదొక్కుకున్నాడు. 1917లో అమెరికన్ కోనీ ఐలాండ్ తెరిచాడు. తమ్ముడు బిల్‌ని కూడా పిలిపించుకున్నాడు. తర్వాత ఇద్దరూ విడిపోయారు, తమ్ముడు పక్క గదిలోనే లఫాయెట్ పెట్టాడు. మన ఊళ్లల్లో అన్నదమ్ములు ఇంటి మధ్య గోడ కట్టుకున్నట్టే. అప్పటి నుంచి ఆ గోడ అలాగే ఉంది, అటు పక్కవాళ్లు ఇటు రారు. అమెరికన్ ఇప్పటికీ కేరోస్ కుటుంబం చేతిలోనే ఉంది. లఫాయెట్‌ని 1990ల మొదట్లో అక్కడ పనిచేసినవాళ్లే కలిసి కొనుక్కున్నారు. ఆ మోచేతి మీద ప్లేట్లు పేర్చుకొచ్చే మనుషుల చేతికే షాపు వచ్చిందన్నమాట. నాకు ఆ సంగతి చాలా ఇష్టం.

పేరు న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ నుంచి వచ్చింది. గ్రీకులు ఓడ దిగేది న్యూయార్క్ రేవులోని ఎలిస్ ఐలాండ్‌లో, అప్పటికే హాట్‌డాగ్ అంటే కోనీ ఐలాండే. మిషిగన్ వచ్చి ఆ హాట్‌డాగ్ మీద వాళ్ల ఇళ్లల్లో వండుకునే కీమా సాస్ లాంటిది పోశారు. న్యూయార్క్‌లో ఎవరినైనా కోనీ అడగండి, తెల్లముఖం వేస్తారు. పేరు అక్కడిది, తిండి ఇక్కడిది. కార్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చేవాడికి చవగ్గా, వేడిగా, నిలబడి తినగలిగేది కావాలి, గ్రీకులకి పెద్ద పెట్టుబడి లేకుండా నడిపే వ్యాపారం కావాలి. అలా కుదిరింది. తర్వాత ఊళ్లో పనిలో చేరిన గ్రీకు కుర్రాడల్లా పని నేర్చుకుని ఇంకో పేటలో ఇంకో కోనీ తెరిచాడు, ఉడుపి హోటళ్లు పాకినట్టే పాకాయి. ఇప్పుడు మీ నోవై చుట్టుపక్కల కనిపించే కోనీ ఐలాండ్‌లన్నీ ఆ వరసే.

నేను 1996లో వచ్చాను. డౌన్‌టౌన్‌లో కాంట్రాక్టు. అప్పటి డౌన్‌టౌన్ ఎలా ఉండేదో ఇప్పుడు చెప్తే పిల్లలు నమ్మరు. కోనీలకి ఒక్క వీధి అవతల బుక్ కాడిలాక్ హోటల్, ముప్పై అంతస్తుల పైన, 1984 నుంచి మూతబడి ఉంది. షెల్బీ వీధి దాటితే లఫాయెట్ బిల్డింగ్. అదీ ఆ తర్వాత ఖాళీ అయిపోయింది. హడ్సన్స్ అని ఒకప్పుడు ఊరంతా పండగ బట్టలు కొనుక్కున్న పెద్ద దుకాణం, 1983లో మూసేశారు, 1998 అక్టోబరులో పేల్చి కూల్చారు. ఆ రోజు దుమ్ము మా ఆఫీసు కిటికీల మీద పేరుకుపోయి వారం దాకా పోలేదు. ఐదు దాటితే వీధుల్లో మనిషి ఉండడు. అంత ఖాళీలోనూ రెండు షాపులూ తలుపులు తీసే ఉంచాయి. మేం నలుగురం తెలుగువాళ్లం లంచ్‌కి అక్కడికే వెళ్లేవాళ్లం, వేరే ఎక్కడా తెరిచి ఉండేది కాదు కూడా.

కృష్ణలంక:
పాతకాపు గారూ మంచి కథ. కానీ ఇప్పుడు అందరూ అనే "డౌన్‌టౌన్ తిరిగి లేచింది" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒక ప్రశ్న. లేచింది ఎంత మేర? నడిబొడ్డున ఉన్న క్యాంపస్ మార్షియస్ పార్కు చుట్టూ నాలుగు వీధులు, వుడ్‌వర్డ్ రోడ్డు వెంట కొంత. ఒక్క పెద్ద వ్యాపారి కంపెనీయే వందకు పైగా భవనాలు కొంది. 2010లో ఆఫీసుని శివార్ల నుంచి డౌన్‌టౌన్‌కి తెచ్చారు, మంచిదే, కాదనను. కానీ అద్దెలు పెరిగి పాతకాలం నుంచి ఉన్న చిన్న దుకాణాలు ఎన్ని పోయాయో. నేను తూర్పు వైపు ఒక పేటలో వాలంటీరుగా వెళ్తుంటాను, అక్కడ ఇంకా వీధికి మూడిళ్లే మిగిలినచోట్లున్నాయి. 1950లో 18 లక్షలు దాటిన జనం 2020 లెక్కల్లో 6 లక్షల 39 వేలు. కొత్త రెస్టారెంట్‌లో ఒక్క బర్గర్ ధరకి పేటలో ఒక కుటుంబం కోనీ తినొచ్చు. డౌన్‌టౌన్ ఎవరి కోసం అని అడగకుండా ఫొటోలు పెట్టుకుంటే ఏం లాభం?

పాతకాపు:
కృష్ణలంక గారూ, మీరన్నదాంట్లో తప్పేమీ లేదు. పేటల సంగతి మీకు కళ్లారా తెలుసు. కానీ డౌన్‌టౌన్ ఏ స్థితి నుంచి లేచిందో నేను కళ్లారా చూశాను కాబట్టి అదీ చెప్పాలి.

2013 జులై 18న ఊరు దివాలా పిటిషన్ వేసింది. 18 బిలియన్ డాలర్ల అప్పు, అమెరికాలో ఒక నగరం అంత పెద్ద దివాలా తీయడం అదే. ఆ రోజుల్లో వీధి దీపాల్లో నలభై శాతం దాకా వెలిగేవి కావు. మా ఆవిడ నేను ఇంటికి చేరేదాకా పడుకునేది కాదు. 2016 చివరికి 65 వేల కొత్త ఎల్‌ఈడీ దీపాలు పెట్టడం పూర్తిచేశారు, పేటల్లో కూడా పెట్టారు, డౌన్‌టౌన్‌లోనే కాదు. నాకు ఊరు మళ్లీ బతుకుతుందని మొదటిసారి అనిపించింది స్టేడియాలు చూసి కాదు, ఆ దీపాలు చూసే. బుక్ కాడిలాక్ 2008లోనే తిరిగి తెరిచారు. లఫాయెట్ బిల్డింగ్‌ని మాత్రం 2010లో కూల్చారు. ఆ చోట ఇప్పుడు కూరగాయల తోట ఉంది, లఫాయెట్ గ్రీన్స్ అంటారు. కోనీ తిని బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే టమాటా మొక్కలు కనిపిస్తాయి. గోదారిగట్టు గారూ, మీ అమ్మగారికి అది తప్పకుండా చూపించండి.

మీరడిగిన "ఎవరి కోసం" అన్న ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఈ రెండు షాపులే. పక్క భవనంలో ఫ్లాట్ అద్దె ఎంతైనా కానివ్వండి, ఇక్కడ స్టూలు ఎవరిదైనా. మీ పక్కన కోర్టు నుంచి వచ్చిన లాయరు కూర్చుంటాడు, అటు పక్క రోడ్డు పని చేసి చేతులు కడుక్కుని వచ్చిన మనిషి. ఇద్దరికీ ఒకే ప్లేటు, ఒకే బిల్లు. ఇలాంటి చోటు ఎక్కువ లేదనే మీ బాధ, నాదీ అదే.

కృష్ణలంక:
అది నిజం. ఆ దీపాల సంగతి నాకు గుర్తులేదు, నేను 2017లో వచ్చాను, వచ్చేసరికే వెలుగుతున్నాయి. ఉన్నదాన్ని అలాగే ఉండేదనుకుంటాం. నేనూ లఫాయెట్‌కే వెళ్తాను, చెప్పడం మర్చిపోయాను.

ఫ్లింటోడు:
మీరంతా డెట్రాయిట్ గొడవలో ఉన్నారు, అసలు కోనీ ఇక్కడికి ఉత్తరాన ఉన్న ఫ్లింట్ ఊరిది. నేను పన్నెండేళ్లు ఫ్లింట్‌లో ఉన్నాను. అక్కడ పైన పోసేది జారుడుగా ఉండదు, పొడి పొడిగా ఉంటుంది, మన కీమా వేపుడు బాగా వేగి నూనె వదిలినట్టు. సాసేజ్ పైపొర కొరకగానే పటుక్కుమంటుంది, ఆ పొడి కీమా నోట్లో విడిపోతుంది, మస్టర్డ్ ఘాటు ముక్కుకి ఎక్కుతుంది. బన్ను తడవదు, చివరి ముక్క దాకా చేతిలో నిలబడుతుంది. డెట్రాయిట్‌ది పులుసు పోసినట్టుంటుంది, ఫోర్కు లేకపోతే చొక్కా పాడవుతుంది. జాక్సన్ ఊరివాళ్లని అడిగితే 1914 నుంచి మాదే మొదటిదంటారు. ఊరికో రకం. ఒక్కసారి ఉత్తరం వైపు రండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఉల్లిపాయ:
పులుసు అన్నారు చూడండి, అందుకే నాకిష్టం. బన్ను అడుగున నానిపోయి చిలీలో కలిసిపోయిన ఆ చివరి ముక్క ఉందే, పప్పుచారులో నానిన గారె ముక్క తిన్నట్టే. ఫ్లింట్‌లో అది దొరకదు. కానీ పటుక్కుమనే సంగతి ఒప్పుకుంటాను, రెండుచోట్లా సాసేజ్‌కి సహజమైన పేగు పొరే, అది లేకపోతే కోనీయే కాదు.

కందిపొడి:
గోదారిగట్టు గారూ, ఇంతసేపూ ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ తిన్నగా చెప్పలేదు. సాసేజ్‌లో బీఫ్, పోర్క్ రెండూ ఉంటాయి. చిలీ బీఫ్‌తోనే, పాత పద్ధతిలో గుండె మాంసం కూడా వేస్తారు. బీన్స్ ఉండవు. చిలీ తీసేసి ఇవ్వమన్నా నాన్నగారికి పనికిరాదు. తెలియక నోట్లో పెట్టుకున్నాక తెలిస్తే పెద్దవాళ్లు నెల రోజులు బాధపడతారు, మా అత్తగారి విషయంలో నాకు అనుభవం, అక్కడ కాదు, ఇంకోచోట. ముందే చెప్పి తీసుకెళ్లండి.

అమ్మగారికి ఫ్రైస్ ఉంటాయి, ఏ నూనెలో వేస్తారో కౌంటరులో అడగండి, మొహమాటపడొద్దు, చక్కగా చెప్తారు. అమెరికన్‌లో గ్రీక్ సలాడ్ ఉంది. డెట్రాయిట్ గ్రీక్ సలాడ్ అంటే అందులో బీట్‌రూట్ ముక్కలు ఉండాల్సిందే, పైన ఫెటా చీజ్ పొడి చల్లుతారు. తియ్యగా పుల్లగా ఉప్పగా ఉంటుంది, మా అమ్మ "బీట్రూట్ పచ్చడి పెరుగులో కలిపినట్టుంది" అని మెచ్చుకుంది. శివార్లలో ఉండే కోనీల్లో మెనూ ఇంకా పెద్దది, పాలకూరతో చేసే స్పినాచ్ పై ఉంటుంది, నాన్నగారి కోసం నిమ్మకాయ చికెన్ రైస్ సూప్ ఉంటుంది. జలుబు చేసినప్పుడు మా ఇంట్లో రసం తర్వాత ఆ సూపే. డౌన్‌టౌన్‌లో కుదరకపోతే వచ్చేటప్పుడు దారిలో అక్కడ ఆగండి.

ఇంకోటి, నాన్నగారు రైల్వే అన్నారు కదా. కోనీల ముందు నుంచే మిషిగన్ అవెన్యూ వెళ్తుంది, దాని మీదే పడమరగా మైలున్నర వెళ్తే మిషిగన్ సెంట్రల్ స్టేషన్. 1913లో కట్టింది, 1988లో చివరి రైలు వెళ్లిపోయింది, ముప్పై ఏళ్లు ఖాళీగా నిలబడింది, అందులో చాలాకాలం కిటికీ అద్దాలు కూడా లేవు. 2018లో ఫోర్డ్ కార్ల కంపెనీ కొని, బాగుచేసి 2024 జూన్‌లో తెరిచింది. వెయిటింగ్ హాలు పైకప్పులో 29 వేల పలకలున్నాయి, తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టినా దించబుద్ధి కాదు. స్టేషన్ గడియారాన్ని ఎత్తుకెళ్లినవాళ్లెవరో, స్టేషన్‌ని ఫోర్డ్ కొన్నదని తెలిసి, పేరు చెప్పకుండా దాన్ని తిరిగిచ్చారు. ఆ కథ చెప్పండి నాన్నగారికి. తెరిచి ఉండే రోజులు మారుతుంటాయి, ఒకసారి చూసుకుని బయల్దేరండి.

కర్నూలుభాయ్:
కందిపొడి అక్క చెప్పింది వందశాతం కరెక్టు. మాకూ పోర్క్ సమస్యే, అందుకని మేం పక్క ఊరు డియర్‌బోర్న్ వెళ్తాం. అక్కడ హలాల్ కోనీలున్నాయి, బీఫ్ సాసేజ్, అదే చిలీ, అదే మస్టర్డ్, అదే ఉల్లిపాయ. రంజాన్ రోజుల్లో రాత్రి పన్నెండింటికి కూడా కుటుంబాలతో కిటకిటలాడుతుంటాయి. గ్రీకులు మొదలుపెట్టిన తిండిని అరబ్బులు వండుతుంటే కర్నూలు నుంచి వచ్చిన నేను తింటున్నా. డౌన్‌టౌన్‌కి మాత్రం మా దోస్తులతో వెళ్తాను, వాళ్లు కోనీ తింటే నేను ఫ్రైసూ వెర్నర్స్ అల్లం సోడా తీసుకుంటాను. ఆ సోడా కూడా డెట్రాయిట్‌దే, మొదటి గుక్కకే ముక్కులోకి ఎక్కి తుమ్మొస్తుంది. మీ అమ్మగారికి ఇప్పించండి, మన ఊరి గోలీ సోడా గుర్తొస్తుంది.

మంచుబూట్లు:
పార్కింగ్ గురించి ఒక మాట. బేస్‌బాల్ గానీ ఫుట్‌బాల్ గానీ మ్యాచ్ ఉన్న రోజు వెళ్లకండి. తెలియక వెళ్లాం ఒకసారి, ఒక ప్రైవేటు స్థలంలో 40 డాలర్లు గుంజారు, కోనీకంటే కారు ఎక్కువ తిన్నది. మ్యాచ్ లేని శనివారం ఉదయం పదకొండు లోపు వెళ్తే వీధి పక్కనే మీటరు దగ్గర చోటు దొరుకుతుంది. మీటరు మీద ఉన్న జోన్ నంబరు ఫొటో తీసుకోండి.

సేఫా అని అడిగారు. మధ్యాహ్నం పూట పిల్లల బండ్లు తోసుకుంటూ తిరుగుతున్నారండీ. క్యాంపస్ మార్షియస్ పార్కు అక్కడికి దగ్గరే, ఎండాకాలం మధ్యలో ఇసక పోసి బీచ్ చేస్తారు, చలికాలం ఐస్ స్కేటింగ్. అక్కడి నుంచి గార్డియన్ బిల్డింగ్‌కి నడిచి వెళ్లండి, 1929 నాటిది, లోపల హాలు రంగు రంగుల పలకలతో గుడి మండపంలా ఉంటుంది, చూడ్డానికి డబ్బులక్కర్లేదు. ఇంకొంచెం నడిస్తే నది, అవతలి ఒడ్డు కెనడా. మన దగ్గర నుంచి కెనడా దక్షిణం వైపు కనిపించే చోటు అని చెప్తే నాన్నగారు దిక్కులు చూసుకుంటారు.

ఇంకో జ్ఞాపకం రాయకుండా ఉండలేను. 2015 జులైలో తానా మహాసభలు ఇక్కడే కోబో సెంటర్‌లో జరిగాయి, ఇప్పుడు దాని పేరు హంటింగ్టన్ ప్లేస్. రాత్రి కార్యక్రమాలు ఆలస్యమయ్యాయి, భోజనాల దగ్గర వరస కదలట్లేదు, పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. మేం పదిమందిమి నడుచుకుంటూ లఫాయెట్‌కి వెళ్లాం. ఆడవాళ్లంతా పట్టుచీరలు, పూలు, మా బావగారు పంచె. షాపులో ఒక్క క్షణం అందరూ చూశారు, తర్వాత కౌంటర్ దగ్గరున్న ముసలాయన తన స్టూలు నుంచి లేచి మా అక్కని కూర్చోమన్నాడు. చీర మీద మస్టర్డ్ పడకుండా ఆయనే పేపరు నాప్‌కిన్లు కట్టగా తెచ్చి ఒళ్లో పరిచాడు. మా అక్క ఇండియాలో ఉంటుంది, ఇప్పటికీ ఫోన్ చేస్తే ఆయన బాగున్నాడా అని అడుగుతుంది. ఆయన పేరు కూడా మాకు తెలీదు.

రాత్రిషిఫ్ట్:
మంచుబూట్లు గారూ, కళ్లముందు కనిపించింది.

ఉల్లిపాయ:
నాన్నగారు తినలేరంటున్నారు కాబట్టి ఇంట్లో చేసే పద్ధతి ఒకటి రాస్తున్నా, మా నాన్న కోసం చేస్తాను.

చికెన్ కీమా అరకిలో. ఉల్లిపాయ సన్నగా తరిగి వేయించి, అందులో కీమా వేసి గరిటెతో ఉండల్లేకుండా చిదుముతూనే ఉండాలి. జీలకర్ర పొడి, కారం, కొంచెం మిరియాల పొడి, వెల్లుల్లి, ఒక చెంచా టమాటా పేస్టు, ఉప్పు. అల్లం, గరం మసాలా వద్దు, వేస్తే మన కూరయిపోతుంది. మునిగేదాకా నీళ్లు పోసి సన్నసెగ మీద గంటసేపు. చిక్కబడటానికి క్రాకర్ బిస్కెట్లు పొడి చేసి రెండు చెంచాలు. గరిటె జారుడుగా ఉండాలి, దోసె పిండి కంటే కొంచెం పలచగా. చికెన్ సాసేజ్ పెనం మీద అన్ని వైపులా కాల్చాలి. ఇక బన్నులు ఇడ్లీ పాత్రలో, ప్లేటు మీద తడిగుడ్డ వేసి, నిమిషంన్నర. రెండు నిమిషాలైతే ముద్దయిపోతాయి. పచ్చి ఉల్లిపాయ తరిగి వెంటనే వేయాలి, ముందే తరిగి ఉంచితే చేదెక్కుతుంది. లఫాయెట్ రుచి రాదు, కానీ మా నాన్న రెండు తిని మూడోది సగం అడిగారు.

గోదారిగట్టు:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. నిన్న వెళ్లొచ్చాం. ఎలా జరిగిందో చెప్పకపోతే బాగోదు.

ముందు స్టేషన్‌కి వెళ్లాం. నాన్న లోపల అడుగు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత టికెట్ కౌంటర్లు ఎక్కడుండేవి, ప్లాట్‌ఫారాలకి దారెటు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. గడియారం కథ చెప్తే, "మనసాగలేదు వాడికి, రైలు గడియారం ఇంట్లో పెట్టుకుంటే నిద్ర పట్టదు" అన్నారు.

పన్నెండున్నరకి కోనీల దగ్గరికి వచ్చాం. రెండు తలుపుల మధ్య నిలబడి నేను ఆలోచిస్తుంటే అమ్మ అమెరికన్ అద్దాల్లోంచి చూసి "ఇక్కడ చోటుంది" అని లోపలికి నడిచేసింది. అమ్మకి గ్రీక్ సలాడ్, ఫ్రైస్. నాన్న ఫ్రైస్ తిన్నారు, వెర్నర్స్ తాగి నిజంగానే తుమ్మారు. మా ఆవిడా నేనూ చెరో కోనీ. అది అయ్యాక అమ్మానాన్నల్ని అక్కడే కూర్చోబెట్టి, ఇద్దరం పక్క తలుపులో దూరి లఫాయెట్‌లో ఇంకొకటి నిలబడి పంచుకున్నాం. ఉల్లిపాయ గారు చెప్పిన చెయ్యి చూశాను. ఏడు ప్లేట్లు లెక్కపెట్టాను. మా ఆవిడ లఫాయెట్ వైపు, నాకు అమెరికన్ సాసేజ్ నచ్చింది, కాబట్టి మా ఇంట్లోనూ ఒక మాట లేదు.

మొత్తం నలుగురికీ, రెండుచోట్లా కలిపి, టిప్పుతో 50 డాలర్లలోపే.

ఒక సంగతి మాత్రం రాయాలి. తిన్నాక తోటకి వెళ్లాం. అమ్మ అక్కడ మొక్కల మధ్య వంగి ఆకు నలిపి వాసన చూసింది, తులసి జాతిదే అంది. అక్కడ నీళ్లు పోస్తున్న ఒకావిడ, నల్లజాతి ఆవిడ, డెబ్భై ఏళ్లుంటాయేమో, మమ్మల్ని చూసి పలకరించారు. ఎక్కడి నుంచి అని అడిగారు. తన చిన్నప్పుడు క్రిస్మస్‌కి హడ్సన్స్ కిటికీల్లో అలంకరణలు చూపించి తర్వాత కోనీ తినిపించేవారట వాళ్ల నాన్న, జీతం వచ్చిన శుక్రవారం మాత్రమే. ఏ షాపులో అని అడిగాను. "లఫాయెట్ హనీ, ఇంకెక్కడ" అన్నారు. నాన్న తెలుగులో నాతో, "మా నాన్న కూడా జీతం రోజున గోదారి స్టేషన్ దగ్గర ఇడ్లీ తినిపించేవాడని చెప్పు" అన్నారు. చెప్పాను. ఆవిడ నాన్న చెయ్యి పట్టుకున్నారు.

రాత్రి అమ్మ ఫోన్లో పిన్నితో "ఊరు బాగుందే, ఊరికే భయపడ్డాం" అంటుంటే విన్నాను.

పాతకాపు:
నలుగురికి 50 లోపు, రెండు షాపులూ, స్టేషనూ, తోటా. బాగా తిప్పారు నాన్నగారిని. ఈసారి నేనూ వస్తాను, వచ్చేముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి.

ఫ్లింటోడు:
అమ్మానాన్న ఆరు నెలలుంటారు కదా. ఫ్లింట్ ఎప్పుడు?

గోదారిగట్టు:
ఫ్లింటోడు గారూ, వచ్చే నెల మొదటి శనివారం. నాన్నే అడిగారు, అక్కడా రైలు స్టేషన్ ఉందా అని.